రాళ్ళను చూసి వద్దాం రండి



ఈవేళ నేను రాళ్ళ గురించి మాట్లాడబోతున్నానంటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. "పప్పులో రాళ్ళు ఏరుకోవడం చాలదా, రేడియోలో కూడా రాళ్ళేనా?" అనుకుంటారేమో. మా ఇంట్లోనూ అదే మాట వచ్చింది. నేను కాగితాల మీద రాసుకుంటూంటే మావారు తొంగి చూసి, "ఏ వంటల గురించో చెప్పరాదూ, నలుగురూ వింటారు" అన్నారు. వంటల గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. రాళ్ళ గురించి చెప్పేవాళ్ళే తక్కువ. అదీకాక, ఈ విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటుంది. దాన్ని నేను చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

నేను పుట్టి పెరిగింది కోనసీమలో. అక్కడ తవ్వితే మన్ను, ఇంకా తవ్వితే ఇసుక, ఇంకా తవ్వితే నీళ్ళు. రాయి అనేది డబ్బిచ్చి తెచ్చుకోవలసిన వస్తువు. మా అమ్మగారింట్లో రాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. పెరట్లో రోలు, వంటింట్లో సన్నికల్లు, వసారాలో తిరగలి, నూతి దగ్గర బట్టలుతికే బండ. ఆ బండను మా తాతగారు పడవ మీద వేయించి తెచ్చారని చెప్పుకునేవాళ్ళు. నేను పెళ్ళిలో తొక్కిన సన్నికల్లు కూడా మా నాయనమ్మ కాలం నాటిదే. అంతకుమించి రాతితో నాకు పరిచయం లేదు.

1983లో పెళ్ళయి హైదరాబాదు బయలుదేరాను. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో భువనగిరి దగ్గర తెల్లవారింది. కిటికీలోంచి చూద్దును గదా, ఊరి నెత్తిన ఒకే ఒక్క రాయి, కొండంత ఉంది! దానిమీద కోట. అక్కడినుంచి సికిందరాబాదు దాకా నేను కళ్ళు తిప్పుకోలేదు. గుండ్రటి రాళ్ళు ఒకదాని మీద ఒకటి, చెయ్యి తగిలితే దొర్లిపోతాయా అన్నట్లు నిలబడి ఉన్నాయి. మౌలాలి గుట్ట దగ్గరికి వచ్చేసరికి ఇక ఉండబట్టలేక, కొత్త పెళ్ళికూతురిని కదా, ఆయన్ని అడగడానికి సిగ్గుపడి మా అత్తగారిని అడిగాను, "ఇవన్నీ ఎవరు పేర్చారండీ?" అని. ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా, "భీముడు అచ్చనగాయలు ఆడుకుని వదిలేసి పోయాడు" అన్నారు. ఆ మాటను ఇరవై ఏళ్ళకు పైగా నేను మార్చవలసిన అవసరం రాలేదు.

ఆ ఇరవై ఏళ్ళూ నేను రాళ్ళను చూడలేదనే చెప్పాలి. ఉన్నాయి, కళ్ళెదురుగానే ఉన్నాయి. బస్సులో పోతూంటే కనబడేవి. కానీ పిల్లలు, బడులు, అత్తగారి జబ్బు, పాలు, గ్యాసు, ఇవన్నీ ఉన్న ఆడమనిషికి కనబడటం వేరు, చూడటం వేరు కదండీ. 1991లో దుర్గం చెరువుకి అవతల ఒక ఇంటిస్థలం కొన్నాం. అప్పట్లో అక్కడికి వెళ్ళాలంటే బస్సు దిగి చాలాదూరం నడవాలి. సీతాఫలం పొదలు, తంగేడు చెట్లు, మధ్య మధ్య బండలు. మా స్థలంలో కూడా ఒక గుండు ఉంది. ఏనుగు పడుకున్నట్లుండేది. దాని నెత్తిన చిన్న గుంట ఉండేది. వాన వెలిసిన తరువాత ఆ గుంటలో నిలిచిన నీళ్ళు తాగడానికి పిట్టలు వచ్చేవి. స్థలం చూసుకోవడానికి వెళ్ళినప్పుడల్లా మా పిల్లలు దానిమీదికెక్కి జారేవాళ్ళు. లాగులు చిరిగేవి, నేను తిట్టేదాన్ని.

2003లో ఇల్లు మొదలుపెట్టాం. ముందుగా వాస్తు పండితుణ్ణి పిలిచాం. ఆయన నాలుగు పక్కలా తిరిగి, "గుండు ఈశాన్యంలో ఉందమ్మా, ఈశాన్యంలో బరువు ఉండకూడదు. ఉంటే మగపిల్లలకి మంచిది కాదు" అన్నారు. మగపిల్లలకి అన్న తరువాత ఏ తల్లి మాట్లాడుతుంది చెప్పండి? "తీసేయించండి" అని నేనే అన్నాను. మావారు ఒకటి రెండుసార్లు సందేహించారు కూడా, ఖర్చు చూసి. పట్టుబట్టింది నేను. ఈ సంగతి ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

రాళ్ళు కొట్టే ముసలి మేస్త్రి ఒకాయన వచ్చాడు. తాతల నాటినుంచి ఆ పనే. చేత్తో రాతిని రెండు మూడు చోట్ల తట్టి, చెవిపెట్టి విన్నాడు. "అమ్మా, రాయికి వాటం ఉంటది. వాటం చూసి కొడితే పలుగుతది, లేకుంటే మొండికేస్తది. ఇది మొండిది. మీకు కనబడేది తలకాయ ఒక్కటే, మొండెం అంతా భూమిలో ఉంది" అన్నాడు. మేము వినలేదు. సమ్మెటలతో, ఉలులతో కొన్నాళ్ళు గడిచాయి. తరువాత కంట్రాక్టరు యంత్రం తెచ్చి రంధ్రాలు తొలిచి మందు పెట్టించాడు. మొదటి పేలుడుకి పక్కింటి వాళ్ళ కిటికీ అద్దం పగిలింది. రెండోదానికి రాతి కిందినుంచి ఒక ఉడుము బయటికి వచ్చి, ఎటు పోవాలో తెలియక మా సిమెంటు బస్తాల చుట్టూ తిరిగింది. దాన్ని కొట్టబోయిన కుర్రాళ్ళని ఆ మేస్త్రే ఆపాడు. అనుకున్న ఖర్చు రెండింతలయింది. వచ్చిన రాతిలో కొంత పునాదికి వాడాం, మిగిలినది కంకరకి అమ్మేశాం.

ఇంకా నవ్వొచ్చే సంగతి చెబుతాను వినండి. ఇల్లు పూర్తయ్యాక వంటింటి గట్టుకి రాయి కావలసి వచ్చింది. నల్లటిది, బంగారు చుక్కలున్నది, ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చేది, గెలాక్సీ అంటారే, అది కొన్నాం. మంచి ధర పెట్టి కొన్నాం. భూగర్భశాస్త్రం చదివినవాళ్ళు దాన్ని అసలు గ్రానైటే కాదంటారట, అది వేరే జాతి రాయట. అంటే అసలైన గ్రానైటుని ఇంటి ముందు పేల్చేసి, గ్రానైటు అన్న పేరుతో ఇంకో రాయిని డబ్బిచ్చి తెచ్చుకున్నామన్నమాట!

ఇక నడక సంగతికి వస్తాను. మా వీధిలో నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. నన్ను అక్కా అని పిలుస్తుంది. ఒకరోజు సాయంత్రం వచ్చి, "అక్కా, ఆదివారం రాళ్ళు చూడనీకి పోతున్నం, వస్తవా?" అంది. నేను పెద్దగా నవ్వాను. రాళ్ళను చూడటానికి వెళ్ళడమేమిటి, గుళ్ళో దేవుణ్ణి చూడటానికి వెళ్ళినట్లు! అప్పుడు చెప్పింది, మన హైదరాబాదులోనే రాళ్ళను కాపాడటానికని ఒక సంఘం ఉందని. సొసైటీ టు సేవ్ రాక్స్ అని దాని పేరు. 1996లో పెట్టారు. చిత్రకారులు, ఫొటోలు తీసేవాళ్ళు, పర్యావరణం గురించి పట్టించుకునేవాళ్ళు కొందరు కలిసి మొదలుపెట్టారు. వ్యాపారం లేదు, లాభం లేదు. నెలనెలా ఒక ఆదివారం జనాన్ని పిలిచి ఏదో ఒక గుట్టకి నడిపించుకుని పోతారు. బడిపిల్లలకి చెబుతారు, ఫొటోల ప్రదర్శనలు పెడతారు, పగలగొట్టబోతున్నారని తెలిస్తే అధికారులకు విన్నపాలు పంపుతారు. నాకు ఇందులో వింతగా తోచినదేమిటంటే, రాళ్ళను కాపాడండి అని అరవడంకన్నా ముందు, వచ్చి ఒకసారి చూడండి అని పిలవడం. చూడకుండా ఎవరికి మాత్రం ప్రేమ పుడుతుంది?

వెళ్ళాలని ఉంది కానీ ఆదివారం పొద్దున్న అంటే మాటలా? మన ఇళ్ళలో ఆదివారం పొద్దున్న అంటే మిగతావాళ్ళకి సెలవు, మనకి రెండింతల పని. ఇడ్లీ, చట్నీ, సాంబారు, తలంట్లు. శనివారం రాత్రే పిండి రుబ్బి పెట్టి, చట్నీ చేసి ఫ్రిజ్‌లో పెట్టి, ఇడ్లీ రేకులకి నూనె రాసి పెట్టి, "ఆవిరి మీద పెట్టుకోవడమే మీ పని" అని చెప్పి బయలుదేరాను. మావారు ఏమీ అనలేదు గానీ, ఆస్పత్రికి పంపుతున్నట్లు గేటు దాకా వచ్చారు. తరువాత తెలిసింది, ఆ రోజు ఇడ్లీలు రాయిలా వచ్చాయట. నా నడకకి తగినట్లే ఉన్నాయని మా అబ్బాయి వేళాకోళం చేశాడు.

మేము వెళ్ళింది ఖాజాగూడ గుట్టలకి. అక్కడ ఫక్రుద్దీన్ బాబా దర్గా ఉంది, అనంతపద్మనాభస్వామి గుడి ఉంది. ఒకే గుట్టని ఇద్దరూ పంచుకున్నారు. పాతిక ముప్ఫై మందిమి ఉంటాం. చంటిపిల్లని వీపున కట్టుకుని వచ్చిన ఒక అమ్మాయి, డెబ్బై దాటిన ఒక పెద్దాయన, కాలేజీ కుర్రాళ్ళు, చీరల్లో మేమిద్దరం. చీరతో ఎక్కలేనేమో అని భయపడ్డాను గానీ, కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుంటే ఏ ఇబ్బందీ లేదు. గరుకు బండ మీద ఉత్త కాళ్ళతో అయితే ఇంకా బాగా పట్టు దొరుకుతుంది. చిన్నప్పుడు జామచెట్టు ఎక్కిన తరువాత నేను మళ్ళీ ఏదైనా ఎక్కడం ఆ రోజే.

దారి చూపించినాయన నన్ను నిలబెట్టి ఒక రాయి చూపించారు. దగ్గరగా చూడమన్నారు. ముక్కు ఆనేంత దగ్గరగా చూశాను. గులాబీ రంగు గింజలు, తెల్లగా గాజులా మెరిసే గింజలు, అక్కడక్కడ నల్ల చుక్కలు. తెల్లగా మెరిసేది పలుగురాయి. నల్లగా రేకులుగా ఉండేది అభ్రకం. గులాబీ రంగు గింజ ఫెల్‌స్పార్, ఆ గింజ రంగునిబట్టే ఒక బండ ఎర్రగా, ఇంకో బండ బూడిదరంగులో కనబడుతుందట. ఇంత పెద్ద గింజలు ఎందుకు కట్టాయంటే, ఇదంతా ఒకప్పుడు భూమి లోపల చాలా లోతున కరిగి ఉన్న ముద్ద, అది బహు నెమ్మదిగా చల్లారిందట. ఇది మనకి తెలియని సంగతేమీ కాదు. పాకం గబగబా చల్లార్చి కలియబెడితే పొడిపొడిగా వస్తుంది, కదపకుండా రోజుల తరబడి వదిలేస్తే పటికబెల్లంలాగా పెద్ద పలుకులు కడుతుంది. అదే లెక్క.

వయసు ఎంతనుకున్నారు? దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. నాకు ఆ అంకె ఒక పట్టాన బుర్రకెక్కలేదు. ఇంటికి వచ్చి లెక్కవేశాను. తల్లికీ కూతురికీ మధ్య పాతికేళ్ళు అనుకుంటే, 10 కోట్ల తరాల తల్లులూ కూతుళ్ళూ! హిమాలయాలు లేవడం మొదలై 5 కోట్ల సంవత్సరాలు మాత్రమేనట. మన జూబిలీ హిల్స్ బండ ముందు హిమాలయం నిన్నగాక మొన్న పుట్టిన పసిగుడ్డు.

ఇక, ఎవరు పేర్చారన్న నా పాత ప్రశ్న అడిగాను. పేర్చలేదు అన్నారాయన. అక్కడున్నది అక్కడే పుట్టింది. ఒకే బండగా ఉన్నదానికి పగుళ్ళు పడ్డాయి, అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని, మైసూర్‌పాకు ముక్కలు కోసినట్లు. ఆ పగుళ్ళలోకి నీళ్ళు దిగి, రాయి మెత్తబడి మన్నయింది. మూలలకి రెండు మూడు వైపులనుంచి దెబ్బ తగులుతుంది గనుక ముందు మూలలు అరుగుతాయి. పటికబెల్లం ముక్క నోట్లో వేసుకుంటే ముందు అంచులు పోయి గుండ్రమవుతుంది చూడండి, అలాగన్నమాట. తరువాత వానలకి మధ్యలో ఉన్న మన్నంతా కొట్టుకుపోయింది. గుండ్లు మిగిలాయి, ఒకదాని మీద ఒకటి. మనకి పేర్చినట్లు కనబడుతుంది గానీ నిజానికి మధ్యలోది పోయింది, అంతే. ఈ మాట విని నేను చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. మా అత్తగారు ఉంటే చెప్పేదాన్ని. ఆవిడ ఒప్పుకునేవారు కాదనుకోండి.

అలా కూర్చోవడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. పని లేకుండా ఆరుబయట కూర్చుని ఎన్నేళ్ళయిందో! మనం బయటికి వెళ్ళామంటే కూరగాయలకో, గుడికో, పెళ్ళికో, పేరంటానికో. చేతిలో సంచీ ఉండాలి, లేకపోతే కుంకంభరిణ ఉండాలి. ఏ పనీ లేకుండా ఎండ ఎక్కేదాకా బండమీద కూర్చుని, రాతి పగులులో రావిమొక్క వేళ్ళు దించిన తీరు చూస్తూ ఉంటే ఎవరైనా ఏమనుకుంటారో అని చుట్టూ చూశాను. ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. రాతితొండ ఒకటి మాత్రం తల ఊపుతూ నన్నే చూస్తోంది. మగతొండకి ఆ కాలంలో తల, వీపు ఎర్రబారతాయట. మా తోడు వచ్చిన పిల్లలు ఒక చీలికలో ముళ్ళపంది ముల్లు దొరికిందని కేకలు వేశారు. గుడ్లగూబలు పగటిపూట ఈ సందుల్లోనే నిద్రపోతాయట. నా ఉడుము గుర్తొచ్చింది.

నీళ్ళ సంగతి కూడా అక్కడే తెలిసింది. బండమీద పడ్డ వాన చుక్క ఇంకదు, జారిపోయి పగుళ్ళలోకీ, గుట్ట కింద మెత్తబడ్డ పొరలోకీ దిగుతుంది. గుట్టల మధ్య పల్లంలో నీళ్ళు చేరే చోటు చూసి పాతకాలంవాళ్ళు కట్ట వేసి చెరువు చేశారు. గోలకొండకి ఒకప్పుడు దుర్గం చెరువు నీళ్ళే తాగడానికి వెళ్ళేవట. గుట్టలు చదును చేసి, పగుళ్ళ మీద సిమెంటు పరిచి, ఆనక బోరులో నీళ్ళు రాలేదని దేవుణ్ణి తిట్టుకుంటే ఎలా? మా బోరు ఎన్నిసార్లు లోతు చేయించామో చెబితే మీరు నవ్వుతారు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక అమ్మాయి, రాయిని కొట్టకుండా ఇల్లు కట్టుకున్నవాళ్ళ గురించి చెప్పింది. బంజారా హిల్స్‌లో ఇళ్ళు లేని కాలంలో మెహదీ నవాజ్ జంగ్ అక్కడ బండల్ని కలుపుకుని ఇల్లు కట్టుకున్నారు. తరువాత గుజరాతు రాష్ట్రానికి మొదటి గవర్నరు అయినది ఆయనే. 1933లో రవీంద్రనాథ్ ఠాగూరు హైదరాబాదు వచ్చినప్పుడు ఆయనకి అతిథిగా ఉండి, ఆ కొండల మీద కవిత రాశారట. మన కాలంలో నరేంద్ర లూథర్ గారు, ఐ.ఏ.ఎస్. అధికారి, హైదరాబాదు చరిత్ర రాసినవారు, ఈ రాళ్ళ సంఘానికి అధ్యక్షులుగా కూడా పనిచేశారు, బంజారా హిల్స్‌లో తన ఇంటి లోపలే బండని ఉంచుకుని కట్టుకున్నారు. 2021లో పోయారాయన. అంటే చేయవచ్చన్నమాట. వాస్తు పండితుడిని అడిగాను గానీ, "ఈ రాయిని ఉంచి ఇల్లు కట్టడానికి వీలవుతుందా?" అని ఒక్క ఇంజనీరునైనా అడగాలని నాకు తోచలేదే అని ఆ రాత్రి నిద్రపట్టలేదు. పునాది లోపలున్న రాళ్ళమీదే పడుకుని ఉన్నాను మరి.

ఇదంతా 2005 నాటి మాట. తరువాత నాలుగేళ్ళకి మా కాలనీ పార్కు గొడవ వచ్చింది. పార్కుకని వదిలిన జాగాలో మూడు గుండ్లు ఉన్నాయి. ఒకటి పెద్దది, దానిమీద ఇంకోటి కూర్చుని ఉంటుంది, పక్కన చిన్నది. చదును చేసి నడకదారి వేయించాలని కాలనీ సంఘంవారు తీర్మానం చేసుకున్నారు. ఆడవాళ్ళని ఎవరూ అడగలేదు. అడిగేవారు కూడా కాదు, తీర్మానం కాగితం సంతకాలకి మా ఇంటికి రాకపోయి ఉంటే. మావారు కలం తీశారు. నేను వంటింట్లోంచి వచ్చి, "ఒక్క వారం ఆగండి" అన్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన సంతకాన్ని నేను ఆపడం అదే మొదటిసారి.

ఆ వారంలో నేనూ మా నల్లగొండ చెల్లెలూ ఇంటింటికీ తిరిగాం. చాలామంది "పాములుంటాయండీ" అన్నారు. ఉంటాయి, కాదనను. రాళ్ళు కొట్టిన తరువాత ఆ పాములు ఎక్కడికి పోతాయి, మన ఇళ్ళలోకేగా అన్నాను. ఒకావిడ, "మీరు మీ ఇంట్లోది కొట్టించుకుని మాకు చెప్పొచ్చారా?" అని మొహం మీదే అడిగింది. న్యాయమైన ప్రశ్నే. "కొట్టించాను కాబట్టే చెబుతున్నానండీ, ఎంతయిందో లెక్క కూడా చూపిస్తాను" అని పాత ఖర్చుల పుస్తకం తీసుకుపోయి చూపించాను. ఇంటిఖర్చు రాసుకునే అలవాటు ఇలా కూడా పనికి వస్తుందని అనుకోలేదు. ఆ ఆదివారం ఆరుగురు ఆడవాళ్ళని, వాళ్ళ పిల్లల్ని, మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఇద్దరు కూతుళ్ళని రాళ్ళ నడకకి తీసుకుపోయాం. పనమ్మాయి పిల్లలు అందరికంటే ముందు పైకెక్కేసి, మిగతావాళ్ళకి ఎక్కడ కాలు పెట్టాలో చెప్పారు. వాళ్ళ తాత రాళ్ళు కొట్టేవాడట.

మీటింగులో చాలా మాటలే అయ్యాయి. ఒక పెద్దమనిషి "రాయి కోసం ఇంత రాద్ధాంతమా" అన్నారు. మా చెల్లెలు లేచి, "ఊరు పుట్టినప్పుడు ముందు బొడ్రాయినే నిలబెడ్తం గద సారూ, మన కాలనీకి బొడ్రాయి లేకపోయె, దీన్నే అనుకుందాం" అంది. అందరూ నవ్వారు. నవ్విన తరువాత కోపం నిలవదు. చివరికి పెద్ద గుండూ దాని నెత్తిమీదిదీ ఉంచేందుకు ఒప్పుకున్నారు. చిన్నది మాత్రం నడకదారికి అడ్డమని పోయింది. దాన్ని కాపాడలేకపోయాం. ఇప్పుడు నడకదారి పెద్ద గుండు చుట్టూ మలుపు తిరుగుతుంది. బతుకమ్మనాడు దాని పక్కనే ఆడతాం. వేసవిలో పొద్దుగూకిన తరువాత కూడా బండ వెచ్చగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఆనుకుని కూర్చుంటారు. ఎవరో దానిమీద ట్యూషన్ల ప్రకటన రాశారు, కడిగించాం.

రాయి అసలు కొట్టవద్దని నేను అనడంలేదు సుమండీ. మన ఇళ్ళు, రోడ్లు, గుళ్ళు, రోళ్ళు అన్నీ రాయే. తరతరాలుగా ఆ పని మీద బతికేవాళ్ళున్నారు. ఆ ముసలి మేస్త్రికి నాకన్నా రాయి బాగా తెలుసు, నాకన్నా గౌరవమూ ఉంది. కానీ ఏది కొట్టవచ్చో ఏది ఉంచాలో చూడకుండా, దారిలో ఉంది కాబట్టి తీసేయడం వేరు. గుట్టల బేగంపేట అని ఊరి పేరుంది, వెళ్ళి చూడండి, గుట్టలెన్ని మిగిలాయో. 2025 మార్చి చివర్లో హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో దాదాపు 400 ఎకరాల చోట యంత్రాలు దిగి చెట్లు కొట్టేస్తూంటే, పిల్లలు అడ్డం పడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. పుట్టగొడుగు ఆకారంలో ఉన్న ప్రసిద్ధమైన బండ ఆ విశ్వవిద్యాలయం వైపే ఉంది. టీవీలో చూస్తూంటే నాకు చెట్లతో పాటు బండల వెనకనుంచి నెమళ్ళ అరుపులు వినబడ్డాయి. మావారు టీవీ శబ్దం తగ్గించబోతే వద్దన్నాను.

మా మనవడు ఈమధ్య పాత ఆల్బం తిరగేస్తూ, వాళ్ళ నాన్న గుండుమీదినుంచి జారుతున్న ఫొటో చూసి, "నానమ్మా, ఈ రాయి ఎక్కడుంది?" అని అడిగాడు. మన ఇంట్లోనే అన్నాను. వాడు గదులన్నీ వెతికి వచ్చాడు. ఆ ఆదివారం వాణ్ణి పార్కుకి తీసుకుపోయాను. లాగు చిరిగింది. ఈసారి తిట్టలేదు.

నాకిచ్చిన సమయం అయిపోవచ్చింది. మీ ఊళ్ళో ఏ గుట్ట ఉంటే ఆ గుట్టకే వెళ్ళండి. హైదరాబాదే కానక్కరలేదు, ఓరుగల్లు పేరులోనే ఒంటిరాయి ఉంది. ఎండ ఎక్కకముందే బయలుదేరండి. మంచినీళ్ళు, తలమీదికి ఒక గుడ్డ, కాస్త పులిహోర. చెయ్యి పెట్టే ముందు సందుల్లోకి ఒకసారి చూసుకోండి, అక్కడ కాపురముండేవాళ్ళు ఉంటారు. ప్లాస్టిక్ సంచులు తిరిగి ఇంటికే తెచ్చుకోండి. ఇడ్లీపిండి ముందురోజే రుబ్బి పెట్టుకోండి, కానీ ఆవిరి ఎన్ని నిమిషాలో కాగితం మీద రాసి వెళ్ళడం మరిచిపోకండేం.

సెలవు.